ప్రతి బిల్డులోనూ ఒక ఆవు

మేం రాసిన కోడును కూర్చి, వాడేందుకు సిద్ధమైన వెర్షన్‌గా (దాన్నే బిల్డు అంటాం) దానంతటదే తయారుచేసే సాఫ్ట్‌వేరు జెంకిన్స్. దానికి ఒక పట్టింపు ఉంది. డిస్కులో ఖాళీ 1 జీబీ కంటే తగ్గిందంటే ఆ యంత్రాన్ని పక్కన కూర్చోబెట్టి బిల్డులు ఆపేస్తుంది. నిన్న మా మాదాపూర్ ఆఫీసులో అదే చేసింది, అదీ క్లయింటుకు కొత్త వెర్షన్ ఇవ్వాల్సిన గంట ముందు.

ఇలా జరగకూడదనే పాత బిల్డులను తీసేసే సెట్టింగు ఎప్పుడో పెట్టాను. చివరి 10 ఉంచి మిగతావి దానంతటదే తుడిచేయాలి. కానీ బిల్డు పేజీలో 'ఎప్పటికీ ఉంచు' అనే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కిన బిల్డు జోలికి జెంకిన్స్ వెళ్లదు, దాని ఆర్టిఫాక్టులనూ, అంటే ఆ బిల్డుతో పాటు భద్రపరచిన ఫైళ్లనూ, ముట్టుకోదు. మా రిలీజ్ మేనేజరు గారు రోజూ పొద్దున్నే టీ తాగుతూ, రాత్రి తయారైన బిల్డుకు ఆ తాళం వేస్తారు. ఎందుకండీ అంటే, "రేపు ఆడిట్‌లో అడిగితే?" అంటారు. ఆడిట్ వాళ్లు ఇంతవరకు అడిగింది మంటలార్పే సిలిండరు గడువు తేదీ ఒక్కటే.

పైగా ఏయే ఫైళ్లు భద్రపరచాలో చెప్పే చోట, ఇప్పుడు బెంగళూరులో సుఖంగా ఉన్న ఒక పెద్దమనిషి రెండు నక్షత్రాలు, ఒక ఏటవాలు గీత, మరో నక్షత్రం పెట్టి వెళ్లిపోయాడు. వర్క్‌స్పేస్‌లో, అంటే బిల్డు తయారయ్యే ఫోల్డరులో, ఏముంటే అదంతా దాచమని. మాకు కావలసింది చివర్లో ప్రోగ్రామంతా మూటగట్టి వచ్చే జార్ ఫైలు ఒక్కటే. సూది అడిగితే బీరువా మోసుకొచ్చినట్టు!

క్లయింటు, మేనేజరు గారు, టెస్టింగ్ బృందం అందరూ కాల్‌లో ఉండగా నా స్క్రీను చూపిస్తూ పెద్ద ఫైళ్లు వెతికాను. ఏ బిల్డు తెరిచినా పైన ఒకటే: 'ఫైనల్2.ఎంపీ4', దాదాపు 2 జీబీ. తీసేయనా అన్నాను. "ముందు తెరిచి చూడండి, ముఖ్యమైనదేమో" అన్నారు మేనేజరు గారు.

తెరిస్తే తెర నిండా ఆవు.

నిజాంపేటలో మా ఫ్లాటు గృహప్రవేశం. ఇంట్లో ముందుగా గోమాతే అడుగు పెట్టాలన్నారు పంతులు గారు. ఫ్లాటు మూడో అంతస్తు. లిఫ్టులో ఎక్కించడానికి అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఒప్పుకోలేదు. పలక మీద ఎంతమంది ఎక్కవచ్చో రాశారు గానీ ఆవుల సంఖ్య రాయలేదట. సరే, మెట్లే గతి. వీడియోలో నేను పట్టుపంచె ఎగ్గట్టి అరటిపళ్లు చూపిస్తూ వెనక్కి నడుస్తున్నాను. మా బావమరిది వెనక నుంచి తోస్తున్నాడు. మొదటి అంతస్తు మలుపులో ఆవు ఆగింది. పళ్లు అయిపోయాయి. అది తీరిగ్గా నా ఉత్తరీయం కొస అందుకుని నమలసాగింది. అప్పుడు నా గొంతు, కాల్‌లో అందరికీ స్పష్టంగా: "రా తల్లీ, ముహూర్తం దాటిపోతోంది. ఈఎంఐ కూడా మొదలైపోయింది తల్లీ!"

ఆపుదామంటే ఆపే మీట మీదికి ఆ కాల్ తాలూకు పట్టీ వచ్చి కూర్చుంది. ఎంత జరిపినా కదలదు, అచ్చం ఆవే. క్లయింటు తరఫు ఆవిడ మాత్రం చాలా మర్యాదగా, చివరికి ఎక్కిందా అని అడిగింది.

ఆఫీసువాళ్లు చూస్తారని ఉమ్మడి ఫోల్డరులో పెట్టిన వీడియో అది. అప్‌లోడ్ పరీక్షకు పెద్ద ఫైలు కావాల్సిన టెస్టరు కుర్రాడు దాన్ని తీసుకెళ్లి బిల్డు సర్వరులో పడేశాడు. ఆ వర్క్‌స్పేస్‌ను ఊడ్చే నాథుడు లేడు. అలా ప్రతి రాత్రీ మా ఆవు కొత్త బిల్డులో గృహప్రవేశం చేస్తోంది, పొద్దున్నే మేనేజరు గారు తలుపుకు తాళం వేస్తున్నారు.

"పోనీ, జిప్ చేసి దాచుదాం" అన్నారాయన. వీడియో అప్పటికే కుదించిన ఫైలు, జిప్ చేస్తే తగ్గదన్నాను. నమ్మలేదు. చేయబోతే, జిప్ రాయడానికి కూడా చోటు లేదని సర్వరే చెప్పింది.

రిలీజు ఎలాగో వెళ్లింది. తాళాలు తీయాలంటే ఆయన ఆమోదం కావాలట, దరఖాస్తు పెట్టాను. 'కారణం' అన్న గడిలో ఏం రాయాలో తోచక 'ఆవు' అని రాశాను. వివరంగా రాయమని తిప్పి పంపారు.