ఒక కాలు తీసేస్తే బరువు సగం కాదు
సైకిలు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు రెండు కాళ్లకు బదులు ఒక్కటే ఉంటే సగం లోహం ఆదా అయి, సైకిలు ఆ మేరకు తేలికవుతుందని ఒక కథనంలో చదివిన వాదనతో నేను ఏకీభవించలేను. రెండు కొసలా ఆధారమున్న ఇరుసు రెండు గోడల మీద ఆనిన దూలం వంటిది. ఒకే వైపు బిగించిన ఇరుసు గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన సజ్జా వంటిది కనుక, చక్రం మీద పడే బరువంతా దాన్ని మొదలు దగ్గర వంచడానికే చూస్తుంది. గట్టి కడ్డీ అడ్డుకొలతను రెట్టింపు చేస్తే వంపును తట్టుకునే దృఢత్వం 16 రెట్లవుతుంది గనుక, లావుపాటి బోలు గొట్టంతో ఈ సమస్యను చాలావరకు దాటవచ్చన్నది నిజమే. అయితే ఇరుసు లావైతే బేరింగులూ, చక్రం మధ్యనుండే హబ్బూ పెద్దవి కావాలి, మెలితిరగకుండా ఆ ఒక్క కాలూ బలిష్ఠంగా ఉండాలి. అలా ఆదా అయిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చి చేరుతుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటిష్ సైక్లిస్టు క్రిస్ బోర్డ్‌మన్ 4000 మీటర్ల పర్స్యూట్ (ట్రాక్ మీద జరిగే సైకిలు పోటీ) స్వర్ణం గెలిచిన లోటస్ సైకిలు ముందు చక్రానికి ఒకే కాలు పెట్టింది కూడా గాలి నిరోధాన్ని తగ్గించడానికే. నా అనుభవంలో ఒంటికాలి ఫోర్కు అసలు లాభం వేరు: చక్రం విప్పకుండానే టైరు అంచును పక్కకు తప్పించి, పాత ట్యూబును మొత్తంగా బయటికి లాగి కొత్తది ఎక్కించవచ్చు. కానీ హబ్బులో బేరింగు అరిగినప్పుడు, మామూలు చక్రమేదీ ఆ ఇరుసుకు పట్టదు కాబట్టి, సరైన విడిభాగం వచ్చేదాకా మూడు వారాలు నా సైకిలు కదలలేదు.