మిల్స్ కాలనీ పాత కుటుంబాలకు దక్కినదేమిటి
వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు చుట్టుపక్కల భూముల ధరలు పెరగడం వల్ల అక్కడి పాత కార్మిక కుటుంబాలన్నీ బాగుపడ్డాయని, ఆ ధరల మీద వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. సొంత జాగా ఉన్నవాళ్ల విషయంలో అది కొంత నిజమే కావచ్చు. కానీ క్వార్టర్లలోనూ కిరాయి ఇండ్లలోనూ బతికిన మా వంటి వాళ్లకు ధర పెరగడమంటే కిరాయి పెరగడం, ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేయడం. 1934లో మొదలైన ఆ మిల్లులో మా తాత పనిచేశాడు, బాపు కూడా అక్కడే చేరి 2002లో అది మూతపడే దాకా ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినప్పుడు ఆయన కనుబొమ్మల మీద, చెవుల వెనుక సన్నని దూది నూగు పట్టి ఉండేది. అమ్మ తడిగుడ్డతో తుడిచిన తర్వాతే అన్నానికి కూర్చునేవాడు. వాడకట్టంతా సైరన్‌ను బట్టే పొయ్యి వెలిగించేది. ఎంగిలిపూల నాడు మా ఆడవాళ్లు బతుకమ్మ ఆడిన జాగాలో ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు ఉంది. మొన్న బాపును చూపించడానికి తీసుకెళ్తే, ఎవరింటికి వచ్చారని కాపలా మనిషి మర్యాదగానే అడిగాడు, కానీ అన్నేండ్లు నడిచిన దారిలో నిలబడి ఆయన ఏ జవాబూ చెప్పలేకపోయాడు. మిల్స్ కాలనీ అనే పేరు పోలీసు స్టేషన్ బోర్డు మీద ఇంకా ఉంది. ఆ పేరుకు కారణమైన మనుషులు మాత్రం తలా ఒక దిక్కు వెళ్లిపోయారు. గజం ధరలను అంత వివరంగా రాసిన వ్యాసకర్త, ఆ కుటుంబాలు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాయో కూడా వెళ్లి అడిగి ఉండవలసింది.