బయటికి పంపుతున్నాం కదా!

ఇప్పుడే మీటింగ్ నుంచి బయటపడ్డాను, ఒళ్లు మండిపోతోంది. ఈసారీ మన హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌ది అదే పాట: "మైక్రోబయాలజీ ల్యాబ్ మనకెందుకు డాక్టర్ గారూ, శాంపిళ్లు బయటికి పంపుతున్నాం కదా!"

పంపుతున్నాం. ఎంత బాగా పంపుతున్నామంటే, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానంతో వెన్నులోంచి తీసిన సీఎస్ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) ట్యూబు ఇవాళ పొద్దున ఫ్రిజ్‌లో దొరికింది. యూరిన్ డబ్బాల మధ్య, టేపు మీద నీట్‌గా పేషెంట్ నంబర్ రాసి మరీ. సాయంత్రం పికప్ కుర్రాడు వచ్చేదాకా పాడవకూడదని పెట్టారట! 2 గంటల్లో కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) వేయలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాల్సింది యూరిన్‌ని. సీఎస్ఎఫ్‌ని పెడితే మెనింగోకాకస్ లాంటి బ్యాక్టీరియాలు చలికే చచ్చిపోతాయి, ఆపైన "నో గ్రోత్" అని అందమైన రిపోర్టు. సిస్టర్‌ని తిట్టి ఏం లాభం? ఆ తేడా చెప్పే మనిషే ఈ బిల్డింగ్‌లో లేడు.

అదే కింద ల్యాబ్ ఉంటే గంటలోపు గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకి రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చూసి ఫోన్ చేస్తారు. 1884 నాటి టెక్నిక్ అండీ అది! ఒక మైక్రోస్కోపు, నాలుగు సీసాలు. బ్లడ్ కల్చర్ సంగతి ఇంకా ఘోరం. మెషీన్‌లో పెట్టాక నిజంగా బ్యాక్టీరియా ఉన్న బాటిళ్లు చాలావరకు 48 గంటల్లోపే బీప్ కొడతాయి. మన బాటిళ్లు రాత్రంతా నర్సింగ్ స్టేషన్‌లో నిద్ర చేసి, తెల్లారాక బండెక్కి ఊరేగి, అప్పుడు మెషీన్ మొహం చూస్తాయి.

ఖర్చట. నిజమే, బయోసేఫ్టీ క్యాబినెట్, ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్ ఊరికే రావు. రాత్రి డ్యూటీకి టెక్నీషియన్ కావాలి (మెషీన్ కొని మనిషిని పెట్టడం మర్చిపోయే అలవాటు మనకుంది, అది వేరే కథ). మరి రిపోర్టు వచ్చేదాకా గుడ్డిగా ఎక్కిస్తున్న మెరోపెనం లాంటి పెద్ద యాంటీబయాటిక్ ఖర్చు కాదా? ఆఁ, అది పేషెంట్ బిల్లులోది కదూ!

అసలు ల్యాబ్‌కని చూపించిన గదిలో ఇప్పుడు మార్కెటింగ్ టీమ్ కూర్చుంటోంది. పోనీ, అదీ వదిలేద్దాం. అన్నిటికన్నా నాకు కాలేది ఆ పాత సర్క్యులర్: "డాక్టర్లు పెద్ద యాంటీబయాటిక్స్ తగ్గించాలి, యాంటీబయోగ్రామ్ చూసి రాయాలి." ఏ యాంటీబయోగ్రామ్? అది మన వార్డుల్లోని బ్యాక్టీరియా మీద ఏ మందు ఎంత శాతం పనిచేస్తోందో చెప్పే లెక్క. ఒక్కో రకానికి కనీసం 30 ఐసొలేట్లు (పేషెంట్ల శాంపిళ్లలోంచి వేరుచేసిన బ్యాక్టీరియా) ఉంటేగానీ శాతాలు వేయకూడదంటారు. మన లెక్కలు మన దగ్గరెక్కడున్నాయి? బయటి ల్యాబ్‌ల పీడీఎఫ్‌లలో చెల్లాచెదురు. అయినా ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు గోడ మీద లామినేట్ చేసిన చార్టు ప్రత్యక్షమైంది. వేరే హాస్పిటల్‌ది. వాళ్ల పేరు కనపడకుండా మన లోగో స్టిక్కర్ అంటించారు, అదీ వంకరగా.