నీలం బరకం గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ బరకం (టార్పాలిన్) గారి దివ్యసముఖమునకు,

కోనసీమలోని ఒక కొయ్యపని షెడ్డు నుంచి రాసుకొను విన్నపములు. ఇక్కడ చెక్కని నున్నగా చేసే చిత్రిక మిషన్ తప్ప అందరం క్షేమం. తమరు క్షేమంగానే ఉన్నారని రోజూ కళ్లారా చూస్తున్నాం.

తమరంటే ఈ డెల్టాకి ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. మబ్బు పట్టిందంటే కళ్లంలో ధాన్యం రాశి మీదకి తమరే రావాలి. గాలివానకి పాక లేచిపోతే ఇంటికప్పు తమరే. ఆ నమ్మకంతోనే మా మేస్త్రీ చీకటి పడగానే చిత్రిక మిషన్ మీద తమరిని మడతలేసి కప్పి, చుట్టూ తాడు బిగించి, "ఇంక గాలి కూడా దూరదండి, ఆయ్!" అని ధీమాగా ఇంటికి పోతాడు. నిజమే, గాలి దూరదు. లోపల చిక్కిన తేమ బయటికీ పోదు.

ఆ మిషన్ పోత ఇనుముది. దాని సంగతి తమరికి తెలియందా? క్వింటాళ్ల బరువు. ధనుర్మాసంలో రాత్రంతా చల్లబడితే పొద్దెక్కినా ఓ పట్టాన వేడెక్కదు. ఆ చల్లటి బల్లకి తేమ గాలి తగిలితే ఐస్ నీళ్ల గ్లాసుకి పట్టినట్టు చెమట పడుతుంది. మిషన్ కాళ్లకైతే రంగుంది. కర్ర జారాల్సిన పైబల్ల నున్నగా మర పట్టిన ఇనుము, దానికి రంగూ లేదు, రక్షణా లేదు. పైనుంచి మంచు పడకుండా తమరు కాపలా కాస్తారు సరే, మన లంక భూముల్లో కాస్త తవ్వితే నీళ్లే కదా, నేలలోంచి లేచే ఆవిరిని మాత్రం పోనివ్వకుండా ఆపి మరీ ఇనుముకి అప్పజెబుతారు. దానికి తోడు సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు దానంతటదే నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. మన దగ్గర దాటని రాత్రుళ్లు ఎన్ని?

ఈ సంక్రాంతికి షెడ్డు మూసి, కోడిపందేలు ముగించుకుని వచ్చి తమరిని లేపి చూశాం. అడుగున బొట్లు బొట్లుగా నీళ్లు. తమరి మడతలు ఎక్కడెక్కడ బల్లకి ఆనాయో సరిగ్గా అక్కడ కాషాయ రంగు గీతలు. వేలితో రుద్దితే పొడి రాలింది, కింద గరుకు మిగిలింది.

రైతు తమరిని మా కన్నా బాగా ఎరుగును. ధాన్యంలో తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఆ టెన్షన్‌తో ఎండ రాగానే తమరిని లాగి పక్కన పడేసి గింజలు తిరగేస్తాడు. ధాన్యానికి దక్కిన ఆ మర్యాద లక్షలు పోసి కొన్న మిషన్‌కి దక్కలేదు.

తప్పంతా తమరిదే అంటే కళ్లు పోతాయి. బల్ల మీద టీ గ్లాసు పెట్టే కుర్రాళ్లున్నారు. పచ్చి తుమ్మ చెక్కని రాత్రికి దాని మీదే వదిలేసి, తెల్లారి నల్లమచ్చ చూసి ఆశ్చర్యపోయే మేస్త్రీ ఉన్నాడు. కొబ్బరినూనె పుయ్యమని సలహా చెప్పే చుట్టాలకైతే కోనసీమలో కొదవా? ఆ జిడ్డుకి కర్ర పొట్టు అంటుకుంటుంది, పొట్టు తేమని పట్టుకుంటుంది. నూనె మక్కితే పుట్టే ఆమ్లం అదనం. చెక్కకి ఆ జిడ్డు అంటితే పాలిష్ కూడా సరిగ్గా పట్టదు.

ఢిల్లీలో ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలబడింది చూడండని మాకు చెప్పేవాళ్లూ ఉన్నారు. అది పోత ఇనుము కాదు, అందులో భాస్వరం పాలు ఎక్కువ, అక్కడి గాలి పొడి. పైగా దాని మీద ఎవరూ బరకం కప్పలేదు.

అందుచేత తమరిని తక్షణం కళ్లానికి బదిలీ చేస్తున్నాం. గీతల్ని కిరసనాయిలు, సన్న ఎమిరీ పేపరుతో తోమి, పొడిగుడ్డతో తుడిచేశాం. టర్పెంటైన్‌లో కరిగించిన తేనెమైనం పల్చగా పూసి, ఆరాక మెరిసేదాకా రుద్దాం. చెక్క ఇప్పుడు తోసీ తొయ్యకముందే జారిపోతోంది. సిలికాన్ కలిసిన పాలిష్ డబ్బా ఒకటి ఎవరో తెచ్చారు గానీ, చెక్కకి అంటితే వార్నిష్ మచ్చలు తేలుతుందని తిప్పి పంపాం. తమరి స్థానంలో పాత నేత దుప్పటిని నియమించాం. గాలి ఆడుతుంది, తడిస్తే ఎండలో వేసుకోవచ్చు. షెడ్డు కారినప్పుడు తమరిని పిలుస్తాం. రేకుల మీద పడుకోవాలి, మిషన్ మీద కాదు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క.: మిషన్ పీఠం లోపల, పొట్టు తగలకుండా, రాత్రిళ్లు 60 వాట్ల పాత బల్బు వెలిగించేవాళ్లం. ఆ కాస్త వేడికి ఇనుము, చుట్టూ ఉన్న గాలి కన్నా వెచ్చగా ఉండి చెమట పట్టేది కాదు. మొన్న అది మాడిపోతే మేస్త్రీ కరెంటు ఆదా అని దాని చోట ఎల్ఈడీ బిగించాడు. వేడి లేదు గానీ, ఇప్పుడు తుప్పు పట్టడం రాత్రిపూట కూడా చక్కగా కనిపిస్తోంది. ఆ బల్బు గారికి విడిగా రాస్తాం.