కాలక్షేపానికి 105 గోల్స్

ఇటలీ ఫుట్‌బాల్ పెద్దల విజ్ఞతకు దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు. 1981లో వచ్చిన 91వ నంబరు చట్టం క్రీడాకారుడిని ఉద్యోగిగా గుర్తిస్తూ, ఏ పోటీలు వృత్తి, ఏవి సరదా అన్న నిర్ణయాన్ని మాత్రం క్రీడా సమాఖ్యలకు వదిలిపెట్టింది. ఆ చిక్కుముడిని ఫుట్‌బాల్ సమాఖ్య, బంతిని తన్నే కాలు మగవాడిదా ఆడదానిదా అని చూసి, ఇట్టే విప్పేసింది.

ఈ విధానానికి నిలువెత్తు సాక్ష్యం కరోలీనా మొరాచే. వెనిస్‌లో పుట్టిన ఈమె 1978లో, పద్నాలుగేళ్లకే, జాతీయ జట్టులో చేరి రెండు దశాబ్దాల పాటు సరదా తీర్చుకున్నారు. ఆ సరదాలో జాతీయ జట్టుకు 153 మ్యాచ్‌లు, 105 గోల్స్, దేశవాళీ లీగ్‌లో 12 టైటిళ్లు అలా దొర్లిపోయాయి. 1988 నుంచి 1998 వరకు ఏటా లీగ్‌లో అత్యధిక గోల్స్ ఆమెవే. ఇంత పట్టుదలగా కాలక్షేపం చేసేవారు మన రచ్చబండల మీద కూడా కనబడరు.

1990 ఆగస్టులో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, ఇంగ్లండ్ సీజన్‌కు తెరతీసే ఛారిటీ షీల్డ్ కోసం మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ పురుషుల జట్లు తలపడే మ్యాచ్‌కు ముందు, జనానికి తోచక పోకుండా కాబోలు, ఇంగ్లండ్, ఇటలీ మహిళలను ఆడించారు. ఇటలీ 4-1తో గెలిచింది. ఆ నాలుగూ మొరాచేవే. తర్వాత దిగిన వృత్తి నిపుణులు చెరొక గోల్ చేసి, షీల్డును ఉమ్మడిగా పంచుకుని ఇళ్లకు వెళ్లారు. ఎవరిది వృత్తి, ఎవరిది వినోదమన్న సందేహం ప్రేక్షకులకు కలిగితే తీర్చడానికి జీతాల పట్టీ ఉండనే ఉంది. మరుసటి ఏడాది చైనాలో జరిగిన తొలి మహిళల ప్రపంచ కప్‌లో తొలి హ్యాట్రిక్ కూడా ఆమెదే. ఆమె న్యాయశాస్త్రం చదివి లాయరు కూడా అయ్యారు. తాను ఉద్యోగి కాదని చెప్పే నిబంధనలను స్వయంగా చదివి ఆనందించడానికే అయి ఉండాలి.

1999లో మూడో అంచె లీగ్‌లోని వితెర్బేజే పురుషుల జట్టుకు ఆమె కోచ్ అయ్యారు. ఇటలీలో వృత్తి స్థాయి పురుషుల జట్టుకు ఒక మహిళ కోచ్ కావడం అదే మొదలు. గీత లోపల ఇరవై ఏళ్లు బంతిని తన్నితే సరదా, గీత బయట నిలబడి మగవారిని తన్నమంటే ఉద్యోగం! రెండు మ్యాచ్‌లకే ఆమె రాజీనామా చేశారు.

2014లో ఇటలీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన తొలి మహిళగా ఆమెను సన్మానించారు. లీగ్ మాత్రం అప్పటికీ అమెచ్యూరే. చట్టం వచ్చి 41 ఏళ్లేగా అయింది, అప్పుడే కంగారేమిటని అడిగే నాథుడు లేకపోయాడు గాని, 2022 జులై 1న మహిళల అగ్రశ్రేణి లీగ్ అయిన సెరీ ఎ ను వృత్తి పోటీగా ప్రకటించేశారు. మొరాచేకు అప్పటికి 58 ఏళ్లు. ఏ క్లబ్బయినా ఒప్పందం రాసి ఇస్తే, ఇకపై ఆమె చేసే గోల్స్‌కు జీతంతో పాటు పింఛను హక్కు కూడా ఉంటుంది.