ఇంట్లో ఎవరూ లేరండీ

కుంగుబాటుతో ఒంటరిగా బతికే మనిషి ఇంట్లో కుర్చీలు కూర్చోవడానికి ఉండవు. ఒకటి ఉతికిన బట్టలకు, ఇంకొకటి ఉతకవలసిన బట్టలకు, మూడోది ఈ రెండింటిలో ఏవో తేలని బట్టలకు అంకితమై ఉంటాయి. మా ఇంట్లో ఈ మూడు ఖాతాలూ ఈ మధ్యనే మంచం మీద విలీనమయ్యాయి. నేను గోడవైపు మిగిలిన జానెడు జాగాలో పడుకుంటున్నాను.

నాకు వైద్యం చేస్తున్న సైకాలజిస్టు మంచి మనిషి. ఉత్సాహం వచ్చాక ఇల్లు సర్దుదామని ఎదురుచూస్తే అది రాదనీ, ముందు చిన్న పని ఏదో ఒకటి మొదలుపెడితే ఉత్సాహం దాని వెనకే వస్తుందనీ ఆయన చెప్పారు. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారట. పనులు తగ్గితే వాటివల్ల కలిగే తృప్తి తగ్గుతుంది, తృప్తి తగ్గితే మనసు మరింత కుంగుతుంది, కుంగిన మనిషి ఇంకొన్ని పనులు మానేస్తాడు. 1970లలో పీటర్ లూయిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వివరించిన ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. "ఒక్క కుర్చీ ఖాళీ చేయండి, ఈ వారానికి చాలు" అన్నారాయన. అక్కడితో ఆగి ఉంటే నాకు ఏ ఇబ్బందీ లేకపోయేది. కానీ ఆ ఆసుపత్రివారి నియమం ప్రకారం, చేసిన ప్రతి పనినీ వారి యాప్‌లో నమోదు చేయాలి.

ఆ యాప్ ముందుగా పీహెచ్‌క్యూ-9 అనే, కుంగుబాటు ఎంతుందో కొలిచే ప్రశ్నావళి ఇచ్చింది. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు. మొట్టమొదటిదే పనుల మీద ఆసక్తి గానీ ఆనందం గానీ తగ్గాయా అని. "దాదాపు ప్రతిరోజూ" అన్న గడి నొక్కాను. వెంటనే రంగు కాగితాలు ఎగురుతున్న బొమ్మతో "రండి, ఆసక్తిగా మొదలుపెడదాం!" అని వచ్చింది. లేదని ఇప్పుడే రాయించుకున్న వస్తువును మరుక్షణమే పెట్టుబడిగా అడిగే ఈ తెలివి ఎవరిదో నాకు తెలియదు. ఆ తరవాత నా ప్రేరణ ఎంతో చెప్పమంది. కొలబద్ద మీద అన్నిటికన్నా కింది గీత "కొంచెం". అంతకన్నా కిందికి వేలు జరగదు.

ఒక్క కుర్చీ అన్న సలహా యాప్‌కు తెలియదు కాబట్టి, 25 నిమిషాల గడియారం పెట్టింది. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం ముందు పెట్టుకుని కనిపెట్టిన పద్ధతి అది. ఆయన చదువుకున్నాడు, బట్టల గుట్టలో ఫోన్ పెట్టలేదు. నేను పెట్టాను. ఆ 25 నిమిషాల్లో జరిగినదాని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. అవి గడిచేసరికి ఫోన్ గుట్ట అడుగున ఉంది.

అప్పుడే వాకిట్లో గంట మోగింది. తలుపు సగం తెరిచాను. నాకు రావలసిన పార్సిల్ పొరపాటున తమ ఇంటికి వస్తే పట్టుకొచ్చిన పక్కింటావిడ నిలబడి ఉన్నారు. సరిగ్గా ఆ క్షణంలో పడకగదిలోంచి ఒక బొంగురు మగగొంతు గర్జించింది: "లేవండి! ఎంతకాలం ఇలా పడి ఉంటారు?"

ఆవిడ పార్సిల్‌ను గుండెలకు హత్తుకుని, "లోపల ఎవరు బాబూ?" అన్నారు.

"ఇంట్లో ఎవరూ లేరండీ."

"మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి!" అంది గొంతు.

ఇది ఆ యాప్ అలారం. మామూలు అలారానికి మనుషులు లొంగడం లేదని, మనిషి చేత అరిపించడం ఆ యాప్ తయారుచేసినవారి ప్రత్యేకత. పైగా దాన్ని ఆపాలంటే తెరమీద ఒక కూడిక చేయాలి. బట్టకు సన్నని, కీచు ధ్వనులను మింగే గుణం ఉంది, బొంగురు ధ్వనులను అంతగా ఆపలేదు. అందువల్ల ఆ ప్రసంగంలో స్నేహభావం ఏమైనా ఉండి ఉంటే అది దుప్పట్లలో ఇంకిపోయి, బెదిరింపు మాత్రమే వీధి గుమ్మం దాకా వచ్చింది.

ఆవిడ గొంతు తగ్గించి, "నిన్నెవరైనా బెదిరిస్తున్నారా? పోలీసులకు ఫోన్ చేయనా?" అన్నారు.

"ఫోనే అరుస్తోందండీ."

"ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదండీ, దానంతట అదే అరుస్తోంది."

ఈ జవాబు ఒంటరిగా ఉంటూ మానసిక వైద్యం చేయించుకుంటున్న మనిషి నోటివెంట రాకూడనిది. ఆవిడ నన్ను చూసిన చూపులో భయం పోయి జాలి వచ్చింది, నాకు భయమే నయమనిపించింది. "నేను మీ వెంటే ఉన్నాను, మిమ్మల్ని వదలను!" అని లోపల్నుంచి ఇంకోసారి వినపడగానే ఆవిడ నన్ను పక్కకు తప్పించి గదిలోకి నడిచారు. ఎవరూ చూడకూడదని నేను చుట్టాలను సైతం రానివ్వని గది అది.

గుట్టను చూసి ఆవిడ ఒక్క మాటైనా అనలేదు. పైనుంచి ఒక్కొక్క బట్టా తీస్తూ, తీసినదాన్ని అలవాటు కొద్దీ మడతపెడుతూ వెతికారు. పక్కన ఒక మనిషి ఉంటే చేతులు కదలడం తేలికవుతుందని విన్నాను, అది నిజమే, నేనూ మడతపెట్టాను. ఫోన్ చివరికి ఒక దిండు గలీబులో దొరికింది. కూడిక కూడా ఆవిడే చేశారు.

మంచం కనపడింది. ఇంత జరిగాక యాప్ తెరిచి చూస్తే, అలారం ఆపడంలో జాప్యం జరిగినందువల్ల ఈ పనిని లెక్కలోకి తీసుకోవడం లేదని ఉంది. అభ్యంతరం ఉంటే తెలపమని కింద ఒక గడి ఇచ్చారు. అందులో ఇరవై అక్షరాలు మించి పట్టవు.