స్లాబ్‌కి డబ్బు ఏ రోజున ఇవ్వాలి?

స్లాబ్ వేసే రోజంటే మన దగ్గర ఓ చిన్న పండగ. ముహూర్తం చూస్తారు, కాంక్రీట్ కలిపే మిల్లర్‌కి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు, మధ్యాహ్నం కూలీలందరికీ కోడికూరతో భోజనం పెడతారు. సాయంత్రానికి కాంట్రాక్టర్ చేతిలో ఆ దశకి ఒప్పుకున్న లక్షలు పడతాయి. అప్పటికి పైన కాంక్రీట్ ఇంకా తడారలేదు. అది గట్టిదో కాదో పోసిన మేస్త్రీకి తెలియదు, ప్లాన్ గీసిన ఇంజనీర్‌కీ తెలియదు. దాని సంగతి తేలేది, బలం పరీక్షించే 28వ రోజున. ఇల్లు కట్టించుకునేవాళ్లకీ కాంట్రాక్టర్లకీ మధ్య నడిచే గొడవల్లో చాలావాటికి మూలం ఆ 28 రోజుల ఎడంలోనే ఉందని నేను నమ్ముతున్నాను.

మా మేనమామ సంగతి చెబుతాను. సర్కారు బడిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో సొంత స్థలంలో కింద, పైన కలిపి 1,600 చదరపు అడుగుల ఇల్లు మొదలుపెట్టారు. కాంట్రాక్టర్ తెలిసినవాడే. మెటీరియల్‌తో సహా అడుగు 1,900 రూపాయలు. ఒప్పందం అంటే నోటుపుస్తకంలోంచి చించిన ఒక్క కాగితం. పునాదికి ఇంత, మొదటి స్లాబ్‌కి ఇంత, ప్లాస్టరింగ్‌కి ఇంత అని వరసగా రాసి, చివర్లో 'మంచి సిమెంటు, మంచి ఇనుము వాడవలెను' అని ఉంది. ఏ గ్రేడు కాంక్రీటో లేదు, బస్తాకి నీళ్లెన్నో లేదు. జీవితమంతా పిల్లల చేత స్టెప్పులు రాయించిన మనిషి, 30 లక్షల లెక్కకి జవాబు ఒక్కటే రాసుకుని ఊరుకున్నారు.

మొదటి అంతస్తు సెంట్రింగ్ చెక్కలు విప్పితే పిల్లర్, బీమ్ కలిసే చోట కంకర పళ్లికిలించింది. రెండు చోట్ల చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. మామయ్య వెళ్లేసరికే మేస్త్రీ అక్కడ సిమెంటు ముద్ద మెత్తి నున్నగా చేసేస్తున్నాడు. వానాకాలంలో వంటింటి పైకప్పు చెమ్మెక్కింది. ఆయన చివరి మూడు లక్షలు ఆపారు. కాంట్రాక్టర్ మనుషుల్ని తెచ్చి గేటు ముందు కూర్చోబెట్టాడు. పెద్దమనుషులు పంచాయితీ చేసి లక్షన్నరకి తెగ్గొట్టారు. డబ్బు చెరిసగం అయింది. బీమ్‌లోని బొక్కలు మాత్రం పూర్తిగా మామయ్య వాటాకే వచ్చాయి.

కాంట్రాక్టర్ల వాదన కూడా నేను విన్నాను. ఓనర్లు రేటు గీసి గీసి బేరమాడతారు, సగం పనయ్యాక బాత్రూమ్ జరపమంటారు, సిమెంటు ధర పెరిగితే మాకేం సంబంధం అంటారు, ఆఖరి వాయిదా ఎగ్గొట్టడానికి చిన్న పగులుని భూకంపం చేస్తారు. ఇందులో అబద్ధం లేదు. ప్లాస్టరింగ్ మీద వచ్చే వెంట్రుక పగుళ్లకి ఇల్లు కూలదన్న మాట కూడా నిజమే. కానీ గిట్టుబాటు కాని రేటుకి పని ఒప్పుకుని, ఆ తేడాని బీమ్ లోపల సర్దుబాటు చేసే హక్కు ఎవరిచ్చారు? రేటు చాలకపోతే పని వదులుకోవాలి.

ఇప్పుడు అసలు నేరం దగ్గరికి వద్దాం. కాంక్రీట్ నాసిరకం అనగానే మనకి సిమెంటు తగ్గించాడనో, ఇసుకలో మట్టి ఉందనో అనుమానం వస్తుంది. బస్తాలు లెక్కపెట్టుకోవడానికి ఇంట్లో ఒకరిని కాపలా పెడతాం. బస్తాల లెక్క సరిపోయినా స్లాబ్ పాడు చేయగలిగింది ఒకటుంది: పైపుతో వచ్చే నీళ్లు. ఇళ్లకి మామూలుగా వాడే ఎం20 గ్రేడు (గ్రేడంటే ఉండాల్సిన బలం) మిశ్రమానికి, కొలతల లెక్కన కలిపేటప్పుడు, 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్లకి మించి నీళ్లు పోయకూడదని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. 15 లీటర్ల బకెట్‌తో రెండు బకెట్లు. ఇసుకలో అప్పటికే ఉన్న తడి కూడా ఆ లెక్కలోదే. సిమెంటు గట్టిపడటానికి నిజంగా కావాల్సింది ఇంతకన్నా తక్కువే. మిగతాది కలపడానికి, పరచడానికి వీలుగా ఉండటం కోసం. అంతకు మించి పోసిన ప్రతి లీటరూ తర్వాత ఆవిరైపోయి లోపల సన్నటి ఖాళీలు వదిలి వెళ్తుంది. ఆ దారుల్లోనే వాన నీరు చువ్వల దాకా పోతుంది, చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుందన్నది ఇంజనీర్లకి వందేళ్లకు పైగా తెలిసిన సంగతి.

మరి సైట్లో ఎవరైనా బకెట్‌తో కొలుస్తారా? మిల్లర్ నోట్లో పైపు పెట్టి వదిలేస్తారు. ఎందుకో కూడా అర్థం చేసుకోవాలి. స్లాబ్ వేసే ముఠాకి గంటల లెక్కన కూలి రాదు, స్లాబ్ మొత్తానికి ఇంతని గుత్త. జారుగా ఉంటే తట్ట తేలిగ్గా ఒరుగుతుంది, కుదిపి సర్దే వైబ్రేటర్ పెట్టకపోయినా మూలల్లోకి పాకుతుంది, సాయంత్రం నాలుగింటికల్లా పని ముగుస్తుంది. పోసేవాడికి నీళ్లు లాభం, ఆ కప్పు కింద ఉండేవాడికి నష్టం. నీళ్లు తగ్గించమంటే 'మీకు తెలీదు సార్, గట్టిగా ఉంటే స్లాబ్ రాదు' అంటాడు మేస్త్రీ. ఓనర్ నోరు మూతపడుతుంది. అతని తప్పు కూడా కాదు, అతనికి ఎవరూ వేరేలా నేర్పలేదు.

(ఈశాన్యం మూల కాస్త తగ్గిందని కట్టిన గోడ పడగొట్టించిన వాళ్లను చూశాను. చువ్వ కింద ఉండాల్సిన 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ పొర (కవర్) తగ్గిందని పని ఆపించిన ఓనర్‌ని మాత్రం ఇంతవరకూ చూడలేదు.)

అందుకే ఎవరి మంచితనం మీదా ఆధారపడని పద్ధతి కావాలి. అది కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 150 మిల్లీమీటర్ల ఇనప అచ్చుల్లో, స్లాబ్‌లోకి వెళ్తున్న కాంక్రీట్‌నే తీసి నింపుతారు. ఆ దిమ్మలే క్యూబులు. మర్నాడు విప్పి నీళ్లలో ఉంచుతారు. 7వ రోజున కొన్ని, 28వ రోజున మిగతావి ల్యాబ్‌లో పగలగొట్టి చూస్తారు. 800 చదరపు అడుగుల స్లాబ్ అంటే బీమ్‌లతో కలిపి పది, పన్నెండు ఘనపు మీటర్ల కాంక్రీట్ అవుతుంది. ప్రమాణం ప్రకారం దానికి 28వ రోజు పరీక్ష కోసం ఆరు క్యూబులు చాలు. అయ్యే ఖర్చు కూలీల కోడికూరకన్నా పెద్దదేం కాదు.

క్యూబుల గొప్పతనం ఇంకొకటుంది. అవి గొడవ పుట్టకముందే సాక్ష్యం తయారుచేస్తాయి. ఇల్లు కట్టేశాక అనుమానం వస్తే సుత్తి పరీక్ష చేయించాలి, అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించాలి, చివరికి డ్రిల్లుతో కాంక్రీట్‌లోంచి స్తంభంలాంటి ముక్క (కోర్) కోసి తీయించాలి. ఆ కోర్ల సగటు బలం ఆ గ్రేడుకి ఉండాల్సిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఈ పరీక్షలన్నీ చేయించాల్సిందీ, డబ్బు పెట్టాల్సిందీ, సొంత ఇంటికి కన్నాలు వేయించుకోవాల్సిందీ ఓనరే. పోసిన రోజున ఆరు దిమ్మలు తీసి ఉంటే, నా పని బాగుందని చూపించాల్సిన భారం కాంట్రాక్టర్ మీద ఉండేది.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. స్లాబ్ వాయిదాని రెండు ముక్కలు చేయండి. కూలి, సిమెంటు, ఇనుము, కంకర ఖర్చు పోసిన రోజే ఇచ్చేయాలి. కూలీ డబ్బు ఒక్క పూట కూడా ఆగకూడదు. కాంట్రాక్టర్ లాభం మాత్రం 28వ రోజు రిపోర్టు వచ్చాకే ఇవ్వాలి. మొత్తంలో కొంత రెండు వానాకాలాలు గడిచేదాకా ఓనర్ దగ్గరే ఉండాలి. ఇది అన్యాయం అనే కాంట్రాక్టర్లు ప్రభుత్వ పనులకి టెండర్ వేసినప్పుడు ఇదే షరతుకి నోరెత్తకుండా సంతకం పెడతారు. అక్కడ బిల్లుల్లోంచి కొంత పట్టి ఉంచుతారు, లోపాలకి కాంట్రాక్టరే బాధ్యుడైన డిఫెక్ట్ లయబిలిటీ కాలం ముగిశాకే వదులుతారు, క్యూబుల రిపోర్టు లేకుండా బిల్లు కదలదు. తన కల్వర్టు విషయంలో ఇంత జాగ్రత్తపడే ప్రభుత్వం, రిటైరైన మాస్టారి ఇంటికి వచ్చేసరికి 'మీరూ మీరూ చూసుకోండి' అంటుంది.

చట్టం లేక కాదు. ఇళ్ల నిర్మాణం కూడా సేవేనని వినియోగదారుల చట్టంలో 1993లోనే చేర్చారు. నాసిరకం సామాను వాడి కట్టడం సేవాలోపమేనని అదే ఏడాది లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ, ఎం.కె. గుప్తా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టమూ దాన్ని అలాగే ఉంచింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. 20 నుంచి 50 లక్షల మధ్య ఫీజు వెయ్యి రూపాయలు. లాయర్ తప్పనిసరి కాదు. పరీక్షలు అవసరమైన కేసు ఐదు నెలల్లో ముగియాలని కూడా రాసుంది. అంత తొందరగా ముగిసిన కేసు మీకు తెలిస్తే సంతోషమే.

అసలు లోటు ఇంకోచోట ఉంది. బిల్డర్ దగ్గర ఫ్లాట్ కొన్నవాళ్లకి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ఐదేళ్ల హామీ ఇస్తోంది. స్వాధీనం చేసుకున్న ఐదేళ్లలోపు నిర్మాణంలోనో, పనితనంలోనో లోపం బయటపడితే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. అదే సిమెంటుతో, అదే మేస్త్రీ, సొంత స్థలంలో కట్టిన ఇంటికి ఆ హామీ లేదు, ఎందుకంటే అక్కడ అమ్మకం లేదు, కట్టి అమ్మే ప్రమోటర్ లేడు. మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఫ్లాట్లు కొనేవాళ్లెంతమంది, స్థలంలో కట్టుకునేవాళ్లెంతమంది? రెండోవాళ్లనే చట్టం వదిలేసింది. ఆ ఐదేళ్ల వాక్యాన్ని కాంట్రాక్టర్‌కీ వర్తింపజేస్తే పోయేదేముంది?

ఇదంతా రాస్తుంటే నన్ను ఎప్పటినుంచో తొలుస్తున్న ఇంకో విషయం అడ్డొస్తోంది. తెలంగాణలో 2020లో ఇళ్ల అనుమతుల కోసం బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇళ్లకి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలాల్లో పది మీటర్ల ఎత్తు వరకు, సొంత ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతి. లంచాల బాధ తగ్గించిన మంచి మార్పే, నేను కాదనను. కానీ ధ్రువీకరణ దేనికి? చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్) వదిలానని, రోడ్డు ఆక్రమించలేదని. కాంక్రీట్ గురించి ఎవరూ ఎవరికీ మాట ఇవ్వరు. ప్లాన్ మీద సంతకం చేసిన ఇంజనీర్ ఆ సైట్‌కి ఒక్కసారైనా వెళ్లాడా అని అడిగే నాథుడు లేడు. తప్పు చేసిన డాక్టర్ మీద ఫిర్యాదుకి మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయర్ మీద చెప్పుకోవడానికి బార్ కౌన్సిల్ ఉంది, ఆర్కిటెక్టులకి 1972 నుంచే చట్టం ఉంది. సివిల్ ఇంజనీర్లకి మున్సిపాలిటీలు ఇచ్చే లైసెన్సులే తప్ప, దేశం మొత్తం మీద పట్టా రద్దు చేసే అధికారమున్న కౌన్సిల్ లేదు. గుజరాత్ 2006లో సొంతంగా ఓ చట్టం చేసుకుంది. మనం ఎందుకు చేసుకోలేదు? ఆటో నడపాలంటే లైసెన్స్ కావాలి. పది మంది తలల మీద పది టన్నుల బరువు వేలాడదీయడానికి సెల్‌ఫోన్ నంబరుంటే చాలు.

2016లో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో, 2025లో భద్రాచలంలో కట్టుబడిలో ఉన్న భవనాలు కూలినప్పుడు నాలుగు రోజులు చర్చలు నడిచాయి. కూలని ఇళ్ల గురించి మాట్లాడేవాళ్లు లేరు. అవి కూలవు కూడా. పదేళ్లకే పెచ్చులూడి, చువ్వలు తేలి, ప్రతి వేసవిలో వాటర్‌ప్రూఫింగ్ వాడికి డబ్బులు పోస్తూ బతుకుతుంటాయి.

మామయ్య ఇంట్లో ఇప్పటికీ ఆ బీమ్ కింద మంచం వేయనివ్వదు అత్తయ్య. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. సెంట్రింగ్ విప్పిన రోజు నుంచి లెక్కేస్తే ఇక నాలుగు నెలలే ఉంది. ఫిర్యాదు నేనే టైప్ చేసి పెట్టాను, ఫోటోలు జత చేశాను, ఆయన సంతకం ఒక్కటే బాకీ. పోయిన ఆదివారం మళ్లీ అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: "వాడికి టెన్త్‌లో లెక్కలు చెప్పింది నేనేరా."